దీపం రంగు దగ్గర్నించీ ఆలోచించిన మనిషి

పెద్ద ఊరు వెళ్ళినప్పుడు హోటల్ ఎంచుకోవడం ఓ పరీక్షే. పెళ్ళికో, ఆస్పత్రి పనికో, పిల్లల ఇంటర్వ్యూకో బయల్దేరతాం. మగవాళ్ళు మొదట అడిగేది అద్దె ఎంత, స్టేషన్‌కి ఎంత దూరం అని. మనమో... గదిలో అడుగు పెట్టగానే బాత్‌రూమ్ తలుపు తీసి చూస్తాం. గడియ సరిగ్గా పడుతోందా, దుప్పటి ఉతికిందేనా, చీరలు పెట్టుకోడానికి బీరువా ఉందా, అద్దం దగ్గర వెలుతురు చాలుతుందా... ఇవీ మన లెక్కలు. పెద్ద అద్దె తీసుకునే స్టార్ హోటలైనా సరే, మన చూపు ముందు అటే పోతుంది. ఇంట్లోవాళ్ళు చాదస్తం అని నవ్వుతారు కూడా!

నూట పాతికేళ్ళ కిందట ఒకాయన ఈ చాదస్తాన్ని చూసి నవ్వలేదు. దాన్నే శ్రద్ధగా గమనించాడు. లండన్, పారిస్ లాంటి మహానగరాలకి వచ్చే గొప్పింటివాళ్ళు ఏ హోటల్లో దిగాలో నిర్ణయించేది చాలాసార్లు ఆ ఇంటి ఇల్లాలే అని గ్రహించాడు. ఆవిడకి నచ్చేలా హోటల్ కట్టాడు. ఆయన పేరు సీజర్ రిట్జ్. బాగా దర్జాగా ఉన్నదాన్ని ఇంగ్లీషులో రిట్జీ అంటారు చూడండి, ఆ మాట ఈయన పేరులోంచి పుట్టిందే. మన హైదరాబాదులో హిల్‌ఫోర్ట్ ప్యాలెస్‌లో చాలా ఏళ్ళు నడిచిన రిట్జ్ హోటల్ పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఈయన కట్టింది కాకపోయినా ఆ పేరు మన ఊరిదాకా నడిచొచ్చింది ఈయన కీర్తి వల్లే.

అయితే ఈ దర్జా మనిషి పుట్టింది మాత్రం దర్జాలో కాదు.

పదమూడో బిడ్డ

స్విట్జర్లాండ్ కొండల్లో నీడర్‌వాల్డ్ అని చిన్న పల్లె. అక్కడ ఓ రైతు ఇంట్లో 1850 ఫిబ్రవరి 23న పుట్టాడు సీజర్. పదమూడు మంది పిల్లల్లో ఆఖరివాడు. పశువులు, గడ్డిమేట్లు, చలికాలమంతా మంచు... ఇదీ అతని చిన్నతనం. పదిహేనో ఏట దగ్గర్లోని బ్రిగ్ అనే ఊళ్ళో ఒక హోటల్లో పనికి కుదిర్చారు. ద్రాక్షసారా సీసాలు చూసుకోవడం, బల్లల దగ్గర వడ్డించడం నేర్చుకోవాలన్నమాట. కొన్నాళ్ళు చూసి యజమాని పొమ్మన్నాడు. ఈ వృత్తికి పుట్టుకతో ఓ నేర్పు ఉండాలనీ, అది ఈ కుర్రాడిలో లేదనీ ఆయన తేల్చేశాడట!

ఆ మాట పడ్డ కుర్రాడు ఇంటికెళ్ళి కూచోలేదు. 1867లో పారిస్‌లో పెద్ద అంతర్జాతీయ ప్రదర్శన జరుగుతుంటే, అక్కడైతే ఏదో ఒక పని దొరక్కపోదని బయల్దేరాడు. దొరికింది కూడా. బూట్లు తుడిచాడు. పెట్టెలు మోశాడు. వడ్డన చేశాడు. పొరపాట్లు చేసి ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. మళ్ళీ ఇంకోచోట చేరాడు. మెల్లగా వాజాన్ అనే పేరున్న భోజనశాలదాకా వచ్చాడు. గొప్పవాళ్ళు ఎలా కూచుంటారు, ఏం తింటారు, ఏ చిన్న విషయానికి మొహం చిట్లిస్తారు... అన్నీ అక్కడే చూసి నేర్చుకున్నాడు.

వడ్డించే మనిషిని ఎవరూ పట్టించుకోరు కదా. అతను మాత్రం అందర్నీ గమనించవచ్చు. ఎవరికి రొట్టె ఎలా కాలితే ఇష్టం, ఎవరికి కిటికీ పక్క బల్ల కావాలి, ఎవరికి ఏది పడదు... ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం అతని అలవాటైంది. మనింటికొచ్చే చుట్టాల్లో ఎవరికి కాఫీలో చక్కెర తక్కువ వెయ్యాలో మనకి గుర్తుండదూ? అలాగే!

చలిలో విందు

అతని సమయస్ఫూర్తి గురించి ఓ ముచ్చట చెప్తారు. స్విట్జర్లాండ్‌లో రీగి కుల్మ్ అనే కొండమీది హోటల్లో పనిచేసేటప్పటి సంగతి. ఒకరోజు విపరీతమైన చలి. గదులు వెచ్చబెట్టే యంత్రం కాస్తా చెడిపోయింది. అప్పుడే నలభైమంది అమెరికన్లు భోజనానికి వస్తున్నారని కబురు! ఇంకొకరైతే తల పట్టుకు కూచునేవారే. రిట్జ్ భోజనాల బల్లని పెద్ద హాల్లోంచి చిన్న గదిలోకి మార్పించాడు. మొక్కలు పెట్టే రాగి గంగాళాల్లో స్పిరిట్ పోసి వెలిగించాడు. ఇటుకలు కాల్పించి, ఉన్నిగుడ్డల్లో చుట్టించి ఒక్కొక్కరి కాళ్ళ కింద ఒక్కొక్కటి పెట్టించాడు. పొగలు కక్కే సూపుతో మొదలుపెట్టి, మంట వెలిగించి తెచ్చే తీపి అట్లతో భోజనం ముగించాడు. వచ్చినవాళ్ళు చలి మాటే మర్చిపోయారట.

ఆ తర్వాత లూసెర్న్‌లోని గ్రాండ్ హోటల్ నేషనల్‌కి మేనేజరయ్యాడు. వేసవిలో అక్కడ, చలికాలంలో సముద్రతీరాన మాంటీకార్లోలో. అక్కడే ఇద్దరు మనుషులు ఆయన జీవితంలోకి వచ్చారు. ఒకరు ఆగస్ట్ ఎస్కోఫియే అనే వంటమాస్టారు. రెండోవారు మేరీ లూయిస్ బెక్. హోటళ్ళు నడిపే కుటుంబంలో పెరిగిన పిల్ల. వయసులో ఆయనకంటే బాగా చిన్న. 1888లో వాళ్ళకి పెళ్ళయింది. ఎస్కోఫియే పేరు వంటలవాళ్ళందరికీ తెలుసు. మేరీ లూయిస్ పేరు మాత్రం అంతగా ఎవరికీ తెలీదు. ఈ కథలో ఆవిడ భాగం ఎంతో ముందుముందు చూద్దాం.

ఆడవాళ్ళకి తెరుచుకున్న తలుపు

1889లో లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున సవాయ్ అనే హోటల్ తెరిచారు. నాటకాల కంపెనీ నడిపే రిచర్డ్ డాయిలీ కార్ట్ దాని యజమాని. అప్పటి లండన్ హోటళ్ళ పరిస్థితి వింటే మనకి నవ్వొస్తుంది. విక్టోరియా అనే పెద్ద హోటల్లో అయిదొందల మంది దిగే వీలుంది. స్నానాలగదులు ఎన్నో తెలుసా... నాలుగు! సవాయ్‌లో డెబ్బయ్‌కి దగ్గరగా స్నానాలగదులు, కరెంటు దీపాలు, లిఫ్టులు పెట్టారు. అంతా బాగానే ఉంది గానీ నడిపే మనిషి కావాలి. అందుకోసం రిట్జ్‌ని పిలిపించారు. ఆయన ఎస్కోఫియేని వెంటబెట్టుకొచ్చాడు.

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో మర్యాదస్తుల ఇంటి ఆడవాళ్ళు బయట హోటల్లో కూచుని భోంచెయ్యడమన్నది దాదాపు లేదు. విందులంటే ఇళ్ళల్లోనే. మగవాళ్ళకి క్లబ్బులున్నాయి. ఆడవాళ్ళకి ఏమున్నాయి? ఊళ్ళో ఎంత గొప్ప హోటలున్నా దాని భోజనాల గది మగవాళ్ళదే. రిట్జ్‌కి ఇది వింతగా తోచింది. సగం లోకాన్ని గుమ్మం బయట నిలబెట్టి హోటల్ ఎలా బాగుపడుతుంది? లేడీ డి గ్రే లాంటి పలుకుబడి ఉన్న స్త్రీలని ఒప్పించి, వాళ్ళచేత సవాయ్‌లో విందులు ఇప్పించాడు. పేరున్న ఆవిడ ఒకరు వస్తే రెండోవారం పదిమంది వచ్చారు. ఆదివారం రాత్రి సవాయ్‌లో భోజనమన్నది లండన్‌లో ఫ్యాషనైపోయింది. నెల్లీ మెల్బా అనే ఆస్ట్రేలియా గాయని కోసం ఎస్కోఫియే పీచ్ పండు, ఐస్‌క్రీమ్ కలిపి కొత్త వంటకం చేసింది అక్కడే. పీచ్ మెల్బా అంటూ ఈనాటికీ మెనూ కార్డుల్లో కనిపిస్తూనే ఉంది.

అయితే ఇక్కడో మాట చెప్పుకోవాలి. రిట్జ్ తెరిచింది సగం తలుపే. రాత్రి భోజనానికి విందు దుస్తుల్లోనే రావాలి. పెద్ద పెద్ద టోపీలు పెట్టుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం... తోడు లేకుండా ఒంటరిగా వచ్చిన స్త్రీకి ప్రవేశం లేదు. చెడ్డపేరున్న ఆడవాళ్ళు రాకూడదని పెట్టిన నియమాలివి. తోడుగా ఒక మగవాడుంటేనే మర్యాదస్తురాలు అన్న కొలబద్దని ఆయనా దాటలేకపోయాడు. కాలం అలాంటిది అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఆ కాలంలో ఒంటరిగా ప్రయాణం చేసిన స్త్రీ ఏ హోటల్ని ఎంచుకుంది, ఎక్కడ భోంచేసింది అన్నది మాత్రం మనం ఆలోచించాల్సిన సంగతే.

తుడిచినా పోని మచ్చ

1898 మార్చిలో సవాయ్ యాజమాన్యం రిట్జ్‌నీ ఎస్కోఫియేనీ ఒకేసారి ఉద్యోగాల్లోంచి తీసేసింది. మూడువేల నాలుగొందల పౌన్లకి పైగా విలువైన మద్యానికి లెక్క తేలలేదని ఆరోపణ. సరుకులు అమ్మేవాళ్ళ దగ్గర కమీషన్లు తీసుకున్నాడని ఎస్కోఫియే మీద అభియోగం. 1900లో ఇద్దరూ తమ తప్పు ఒప్పుకుంటూ సంతకాలు చేశారు, కొంత సొమ్ము తిరిగి కట్టడానికి ఒప్పుకున్నారు. ఆ కాగితాలు చాలా దశాబ్దాలపాటు బయటికి రాలేదు. లోకం దృష్టిలో ఆయన హోటళ్ళ రాజుగానే మిగిలాడు. గొప్పవాళ్ళ కథ చెప్పేటప్పుడు ఇలాంటివి దాచేస్తుంటారు. కానీ మనిషన్నాక వెలుగూ నీడా రెండూ ఉంటాయి.

మేరీ లూయిస్ మొహమ్మీద వెలుతురు

సవాయ్ తలుపు మూసుకున్న మూడు నెలలకే, 1898 జూన్ 1న, పారిస్‌లో ప్లాస్ వాండోమ్ అనే అందమైన కూడలిలో రిట్జ్ సొంత పేరుతో హోటల్ తెరిచాడు. అది ముందునుంచీ కడుతూ వస్తున్నదే. ఇదే ఆయన కల. పెద్ద సత్రంలా కాదు, ఓ కలిగినవాళ్ళ ఇల్లులా ఉండాలన్నది ఆయన పట్టుదల.

గదుల్లో కరెంటు దీపం, టెలిఫోను, ఆనుకుని సొంత స్నానాలగది. ఇవాళ మనకివి మామూలే. అప్పటికి ఐరోపా మొత్తంలో ఇన్ని సౌకర్యాలు కలిసి ఉన్న హోటళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. దుమ్ము పట్టే బరువైన తెరలు తీసేసి, ఉతుక్కోడానికి వీలైన పల్చటి మస్లిన్ తెరలు కట్టించాడు. గోడలకి అంటించే కాగితం మాసిపోతే కడగలేం కదా, అందుకని రంగు వేయించాడు. చెక్క మంచాలు తీసేసి ఇత్తడి మంచాలు వేయించాడు. బట్టలు పెట్టుకోడానికి గోడలోనే బీరువాలు. వాటిలో ఆడవాళ్ళ సవరాలు పెట్టుకోడానికి వేరే సొరుగులు! ఇల్లు దులిపే మనిషి కష్టం, ముస్తాబయ్యే మనిషి అవసరం రెండూ తెలిసినవాళ్ళకి తప్ప ఇంకెవరికి తడతాయి ఇవి? ముందరి హాలు కావాలనే చిన్నదిగా కట్టించాడు. ఊళ్ళో పనిలేనివాళ్ళంతా అక్కడ చేరి, వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూస్తూ కూచోకుండా.

ఇక దీపాల సంగతి. కరెంటు దీపం కొత్తగా వచ్చిన రోజులవి. ఆ తెల్లటి కాంతి సూటిగా పడితే ఎంత అందగత్తె మొహమైనా పాలిపోయినట్టు కనిపించేది. నగలూ బట్టలూ వెలవెలపోయేవి. ఆడవాళ్ళు కొవ్వొత్తుల వెలుగే నయమనేవారు. రిట్జ్ భార్యని కూచోబెట్టి, ఆవిడ మొహమ్మీద ఒక్కో రంగు దీపపు తొడుగు వేసి చూశాడు. ఒక గంట కాదు, ఒక పూట కాదు. అలా ఎన్నో రంగులు మార్చి మార్చి చివరికి లేత గులాబీ, ఆప్రికాట్ పండు కలిసినలాంటి రంగు నిర్ణయించాడు. దీపాలు నేరుగా కళ్ళల్లో పడకుండా గోడమీదకీ పైకప్పుమీదకీ వెలుతురు పారేలా పెట్టించాడు. పారిస్ వనితలు తమ మొహం అద్దంలో చూసుకుని ముచ్చటపడి మళ్ళీ మళ్ళీ వచ్చారు. ఆ రంగు వెనక, కదలకుండా దీపాల కింద కూచున్న మేరీ లూయిస్ ఓపిక ఉందని వాళ్ళకేం తెలుసు!

తెరిచే రోజున కూడా ఆయనకి శాంతి లేదు. భోజనాల బల్లల దగ్గర కూచుని చూస్తే అవి కాస్త ఎత్తుగా ఉన్నట్టనిపించింది. చేతులు హాయిగా ఆనడం లేదు. అతిథులు వచ్చే వేళ దగ్గరపడుతోంది. అయినా సరే, బల్లలన్నీ పంపించి కాళ్ళు కోయించి తెప్పించాడట. ఆ రాత్రి వచ్చినవాళ్ళెవరికీ బల్లల సంగతి తెలీదు. సుఖంగా ఉందనిపించింది, అంతే.

కుప్పకూలిన రోజు

పారిస్ తర్వాత 1899లో లండన్‌లో కార్ల్‌టన్ హోటల్. రిట్జ్ ఊళ్ళు మారుతూనే ఉన్నాడు. ఒక రైలు దిగడం, ఇంకోటి ఎక్కడం. ఇంట్లో ఇద్దరు కొడుకులు చార్లెస్, రెనే పెరుగుతున్నారు. తండ్రికి తీరిక ఏదీ? లోకానికంతా విశ్రాంతి ఏర్పాటు చేసిన మనిషికి తనకంటూ విశ్రాంతి లేకపోయింది.

1902 జూన్ 26న ఏడో ఎడ్వర్డ్ రాజుగారి పట్టాభిషేకం జరగాలి. దేశదేశాల రాజులూ ధనవంతులూ లండన్‌లో దిగారు. కార్ల్‌టన్‌లో గదులన్నీ నిండిపోయాయి. నెలల తరబడి ఏర్పాట్లు... విందులు, పూలు, సంగీతం. రెండు రోజుల ముందు, 24వ తేదీన కబురొచ్చింది. రాజుగారికి కడుపులో గడ్డ, ఆపరేషన్ చెయ్యాలి, పట్టాభిషేకం వాయిదా. రిట్జ్ తానే అతిథులకి ఆ సంగతి చెప్పాడు. రద్దయిన విందులన్నీ సర్దుబాటు చేశాడు. అంతా అయ్యాక కుప్పకూలిపోయాడు. అప్పటికాయనకి 52 ఏళ్ళు. ఆగస్టు 9న పట్టాభిషేకం జరిగింది. రాజుగారు కోలుకున్నారు. రిట్జ్ మాత్రం మళ్ళీ పూర్వపు మనిషి కాలేదు.

1906లో లండన్‌లో, 1910లో మాడ్రిడ్‌లో ఆయన పేరు పెట్టుకుని గొప్ప హోటళ్ళు లేచాయి. కానీ ఆ మనిషి అప్పటికే మనోవ్యాధితో, దిగులుతో మౌనంలోకి వెళ్ళిపోయాడు. ఈ రోజుల్లో డిప్రెషన్ అంటే చాలామందికి తెలుసు. వైద్యం ఉంది. అప్పట్లో పేరుపెట్టి చెప్పుకోడానికే జంకేవారు. ఎన్నో ఏళ్ళు ఆస్పత్రుల్లోనే గడిపాడు. 1918లో చిన్నకొడుకు రెనే పోయాడు. అదే ఏడాది అక్టోబరులో, స్విట్జర్లాండ్‌లోనే, రిట్జ్ కన్నుమూశాడు.

ఆ పేరు నిలబెట్టింది ఎవరు?

భర్త మంచాన పడ్డ రోజునుంచీ మేరీ లూయిస్ ఏం చేసిందన్నది ఎక్కువమంది రాయలేదు. భర్త ఉండీ లేనట్టే. ఇద్దరు పిల్లలు. డైరెక్టర్ల బోర్డులో అందరూ మగవాళ్ళు. ఆవిడ పారిస్ రిట్జ్‌ని వదల్లేదు. గదులు తిరిగి చూసేది. దుప్పట్లూ పూలూ సిబ్బందీ అన్నిటిమీదా ఆవిడ కన్నుండేది. ఒక యుద్ధం దాటింది. 1940లో జర్మన్లు పారిస్‌ని ఆక్రమించి ఆ హోటల్లోనే మకాం పెట్టిన రోజులూ దాటింది. 1938లో భర్త జీవితం గురించి పుస్తకం రాసింది. ఆయన గురించి ఈరోజు మనం చెప్పుకుంటున్న ముచ్చట్లు ఎన్నో ఆ పుస్తకంలోంచి వచ్చినవే. 1961లో పోయిందావిడ. తర్వాత పెద్దకొడుకు చార్లెస్ 1976లో తను పోయేదాకా ఆ హోటల్ని అంటిపెట్టుకునే ఉన్నాడు. 1979లో అది చేతులు మారింది. హోటల్ ఇప్పటికీ నడుస్తోంది.

ఆ హోటల్లో ముప్ఫయ్యేళ్ళకి పైగా ఒక స్త్రీ ఒంటరిగా, తన సంపాదనతో, తన ఇష్టంతో నివాసమున్న సంగతి తెలుసా? బట్టల ఫ్యాషన్లు మార్చేసిన కోకో షనెల్ అక్కడే ఉంది. 1971 జనవరిలో అక్కడే కన్నుమూసింది. తోడు లేని స్త్రీకి రాత్రి భోజనం పెట్టనని ఒకప్పుడు సవాయ్‌లో నియమం పెట్టిన మనిషి పేరున్న ఇంట్లోనే! రిట్జ్ తెరవలేకపోయిన ఆ మిగతా సగం తలుపు కాలమే తోసుకుంటూ తెరిచిందన్నమాట.

మన ఊళ్ళల్లో మాత్రం అది పూర్తిగా తెరుచుకుందా? ఉద్యోగం పని మీదో, పరీక్షకో ఓ ఆడపిల్ల ఒంటరిగా పెట్టె పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడితే, వెంట ఎవరూ లేరా అని అనుమానంగా చూసే చోట్లు ఇంకా ఉన్నాయి. అందుకని పెద్ద ఊళ్ళో హోటల్ ఎంచుకునేటప్పుడు ముందుహాల్లో పాలరాయి మెరుపు, గోడమీద నక్షత్రాల లెక్క మాత్రమే చూసి మురిసిపోకండి. గది చూపించమని మొహమాటం లేకుండా అడగండి. గడియ వేసి చూడండి. స్నానాలగదిలో నీళ్ళు తిప్పి చూడండి. మంచం పక్క దీపం స్విచ్ చేతికందుతోందో లేదో చూడండి. వీలైతే రాత్రివేళ భోజనాల గదిలో ఓ ఆడమనిషి ఒంటరిగా కూచుంటే అక్కడివాళ్ళు ఎలా వడ్డిస్తున్నారో గమనించండి. అది బాగుంటే ఆ హోటల్ మంచిదే.

చాదస్తమని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. పల్లెటూరి రైతు ఇంట పదమూడో బిడ్డగా పుట్టి, పనికిరాడని గెంటించుకున్న కుర్రాడు హోటళ్ళ రాజయింది ఆ చాదస్తాన్ని గౌరవించబట్టే.